లింకర్ దేని కోసం వెతుకుతోంది?

నమస్కారం. తెర మీద ఉన్న ఈ చిన్న సి ప్రోగ్రామ్ మ్యాక్‌లో చక్కగా బిల్డ్ అయింది. లైనక్స్‌లో మాత్రం ఇలా ఆగిపోయింది: ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు యాడ్’. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు.

కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చేది కంపైలర్, అలా వచ్చిన ముక్కలను కలిపి ప్రోగ్రామ్‌గా చేసేది లింకర్. ఆగింది కంపైలర్ దగ్గరా, లింకర్ దగ్గరా అన్నది ముందు తేల్చుకోండి. ఫలానా సింబల్, అంటే ఫంక్షన్ లాంటి దాని పేరు, దొరకలేదంటే అది లింకర్ మాట. విజువల్ సి++లో అయితే ఇదే తప్పు ఎల్‌ఎన్‌కే2019 అన్న నంబరుతో వస్తుంది. లింకర్ దగ్గర ఆగిన బిల్డ్ కోసం హెడర్ ఫైళ్లను ఎక్కడ వెతకాలో చెప్పే ఇన్‌క్లూడ్ పాత్‌లు మారుస్తూ గంటలు పోగొట్టుకునేవారిని చూస్తే నాకు బాధేస్తుంది. ఫంక్షన్ల డిక్లరేషన్లు ఉండే ఆ హెడర్ దొరికింది కాబట్టే కదా, కంపైలర్ తన పని ముగించింది!

ఇప్పుడు కమాండ్ చూడండి. యాడ్ ఫంక్షన్ ఉన్న లైబ్రరీ ముందుంది, మెయిన్‌ను కంపైల్ చేస్తే వచ్చిన మెయిన్.ఓ దాని తర్వాత ఉంది. గ్నూ లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. స్టాటిక్ లైబ్రరీ దగ్గరకు వచ్చినప్పుడు, అప్పటికి ఎవరికైనా అవసరమైన ముక్కలనే అందులోంచి తీసుకుంటుంది. ఇక్కడ అప్పటికి ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి లైబ్రరీని వదిలేసి ముందుకు వెళ్లింది. తర్వాత మెయిన్.ఓ ‘యాడ్ కావాలి’ అంటే, మళ్లీ వెనక్కి రాదు. మ్యాక్ లింకర్ ఈ వరుసను పట్టించుకోదు, అందుకే అక్కడ తప్పు బయటపడలేదు. లైబ్రరీని చివరికి జరుపుతున్నాను. బిల్డ్ అయింది.

ఇప్పుడు మెయిన్‌ను సి++లోకి మారుస్తాను. మళ్లీ అదే ఎర్రర్! కానీ తొందరపడకండి, బాగా చూడండి. ఇందాక ఉత్త ‘యాడ్’ అంది. ఇప్పుడు ‘యాడ్’ పక్కన బ్రాకెట్లలో ‘ఇంట్, ఇంట్’ అని కూడా ఉంది. నాకు ఎంతో ఇష్టమైన ఆనవాలు ఇది. బ్రాకెట్లు కనబడ్డాయంటే లింకర్ వెతుకుతున్నది సి++ పేరు కోసం.

ఫైల్‌లోని సింబల్స్‌ను చూపించే ఎన్‌ఎం అనే పనిముట్టుతో రెండు ఫైళ్లనూ తెరుద్దాం. లైబ్రరీలో ‘టి’ అక్షరం పక్కన ‘యాడ్’ ఉంది, అంటే ఫంక్షన్ అక్కడే ఉంది. మెయిన్.ఓలో ‘యు’ అక్షరం పక్కన ‘_జెడ్3యాడ్ఐఐ’ ఉంది, అంటే ఇది బయటి నుంచి రావాలి. ఆ 3 పేరులోని అక్షరాల లెక్క, రెండు ‘ఐ’లు రెండు ఇంట్‌లు. సి++ కంపైలర్ పేరులోనే పారామీటర్ల రకాలను చుట్టిపెడుతుంది. విజువల్ సి++ చుట్టే తీరు వేరు, అక్కడ పేరు ప్రశ్నార్థకంతో మొదలవుతుంది. ఒక కంపైలర్‌తో కట్టిన సి++ లైబ్రరీ మరో కంపైలర్‌తో కలవకపోవడానికి ఇదొక కారణం.

మన లైబ్రరీ సిలో ఉంది కాబట్టి, హెడర్‌లోని డిక్లరేషన్‌ను ఎక్స్‌టర్న్ "సి"లో పెట్టాలి. పేరులో రకాలను చుట్టకుండా సి తీరులోనే ఉంచమని సి++ కంపైలర్‌కు చెప్పడమిది. సి కంపైలర్‌కు ఆ మాట తెలియదు, అందుకే దాన్ని సి++ కంపైలర్‌కు మాత్రమే కనబడేలా చేసే ‘__సీప్లస్‌ప్లస్’ షరతు దాని చుట్టూ తప్పనిసరి. మెయిన్‌ను మళ్లీ కంపైల్ చేసి, బిల్డ్‌కు ముందే ఎన్‌ఎం నడుపుతున్నాను. చూడండి, ‘యు’ పక్కన ఇప్పుడు ఉత్త ‘యాడ్’ మాత్రమే ఉంది.