డబ్బు కట్టినవాడి మీదే కాపలా

(ప్రపంచ రేడియో దినోత్సవం సందర్భంగా విజయవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఆకాశవాణిలో పనిచేసి రిటైరైన అన్నయ్యలకు, అక్కయ్యలకు, సంగీత కళాశాల నుంచి వచ్చిన పిల్లలకు, గుంటూరు, తెనాలి, ఏలూరు నుంచి ఇవాళ్టి పని మానుకుని వచ్చిన మా స్టూడియోల వాళ్లకు, పేరుపేరునా నమస్కారాలు. ముందు వరసలో మా మాస్టారు కూర్చున్నారు. టేపు కోయడం, అతికించడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయనకు పాదాభివందనం.

నాకు ఇచ్చిన అంశం ‘రికార్డింగ్: నాడు, నేడు’. నాడు గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు కాబట్టి రెండు మాటలతో సరిపెడతాను. మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటివాళ్లు పనిచేసిన చోటు. తెల్లారితే భక్తిరంజని వినపడని వీధి ఈ ఊళ్లో ఉండేది కాదు. ఆ రోజుల్లో అంతా పావు అంగుళం టేపు. సెకనుకు ఏడున్నర అంగుళాలో, పదిహేను అంగుళాలో నడిచేది. మాస్టారు స్పూలు రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, గాయకుడు ఊపిరి తీసుకున్న చోటు దొరకబుచ్చుకునేవారు. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతుకు టేపు అంటించి గోటితో ఒక్కసారి రుద్దేవారు. ఆ అతుకు ఎక్కడుందో విన్నవాడికి తెలిసేది కాదు.

నేను టేపు సంగతి ఎత్తడానికి కారణం ఉంది. ఇక్కడ రికార్డయిన టేపు మద్రాసులో వినపడేది, హైదరాబాదులో వినపడేది. మిషన్ ఏ కంపెనీదైనా సరే, స్పీడు ఒకటైతే చాలు. నువ్వెవరు, దీనికి డబ్బు కట్టావా, రసీదు చూపించు అని ఆ టేపు ఎవరినీ అడగలేదు. ఇప్పుడు ‘నేడు’కి వస్తాను. నా బాధంతా అక్కడే ఉంది. నిర్వాహకులు క్షమించాలి, మిగతా సమయమంతా దానికే పోతుంది.

స్టూడియోల వాళ్లు ఒకసారి చేతులెత్తండి. మీలో డాంగిల్ వాడేవాళ్లు ఎంతమంది? చూశారా, సగం హాలు. పిల్లల కోసం, పెద్దల కోసం చెబుతాను. డాంగిల్ అంటే పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పుల్ల. అందులో పాటలూ ఉండవు, ఫొటోలూ ఉండవు. ఒక చిప్పు, దాని లోపల ఒక రహస్య సంఖ్య, అంతే. మనం కొన్న సాఫ్ట్‌వేర్ తెరవగానే ఆ చిప్పుని ఒక ప్రశ్న అడుగుతుంది. సరైన జవాబు వస్తే తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరిచేటప్పుడు అడిగి ఊరుకోవు. పని మధ్యలో కూడా అడుగుతూనే ఉంటాయి. రికార్డింగ్ జరుగుతుండగా కాలు తగిలి పుల్ల ఊడిందంటే, ఎంత మంచి టేక్ అయినా ఆగిపోవాల్సిందే. ఆ లోపలి సంఖ్యను ఎవరూ కాపీ చేయలేకుండా తయారు చేస్తారు. అంటే డబ్బు పెట్టి కొన్న నేను కూడా దానికి ఇంకో కాపీ తీసి బీరువాలో దాచుకోలేను.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. అటారీ కంప్యూటర్ల కాలంలోనే స్టైన్‌బర్గ్ కంపెనీ క్యూబేస్ అనే తన సంగీతం సాఫ్ట్‌వేర్‌కి ఇలాంటి ముక్క ఇచ్చేది, దాన్ని కంప్యూటర్ పక్కన కార్ట్రిడ్జ్ పెట్టే చోట గుచ్చేవాళ్లు. ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఏళ్ల తరబడి కూర్చుని రాసిన ప్రోగ్రామ్‌ని సీడీలో వేసి రోడ్డు మీద అమ్మేస్తుంటే కడుపు మండదా? వాళ్లూ మనలాగే పనివాళ్లు, వాళ్ల కష్టానికి డబ్బు రావాలి. అందుకే నేను కొనుక్కునే వాడుతున్నాను. డాంగిల్ ఖరీదు ఐదారు వేలే. దాని లోపల నేను కూడబెట్టిన లైసెన్సుల విలువ రెండు లక్షల పైమాట. పెళ్లిళ్ల పాటలు, ఎన్నికల పాటలు, షార్ట్ ఫిల్ముల డబ్బింగులు చేసి, ఒక్కొక్కటిగా కొన్నవి.

మాది సింగ్ నగర్. ఇంక చెప్పక్కర్లేదు, మీకు అర్థమైపోయింది. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. స్టూడియో కింది అంతస్తులో ఉంది. నేనూ, మా స్టూడియో కుర్రాడూ, పై ఇంటివాళ్ల అబ్బాయీ కలిసి మైకులు, హార్డ్ డిస్కులు, సిస్టమ్ పైకి మోశాం. మోకాళ్ల లోతు నీళ్లు నడుముకి వచ్చేదాకా మోస్తూనే ఉన్నాం. హార్డ్ డిస్కులు ముందు తీశాం, వాటిలో జనం గొంతులు ఉన్నాయి కదా. డాంగిల్ టేబుల్ కింద యూఎస్‌బీ హబ్‌లో ఉండిపోయింది. నీళ్లు మొదట చేరింది అక్కడికే.

నీళ్లు తీశాక బురదలో వెతికితే దొరికింది. పైతొడుగు ప్లాస్టిక్, లోపల గోరంత ఆకుపచ్చ బోర్డు కనపడుతుంది. చిప్పు చుట్టూ సన్నగా బురద గీత. కంప్యూటర్‌లో గుచ్చే చోట పసుపు పచ్చగా మెరవాల్సిన లోహపు పళ్లు నల్లబడ్డాయి. విప్పి, ఆల్కహాల్‌తో కడిగి, బ్రష్‌తో తుడిచి, ఎండలో పెట్టి, కరెంటు వచ్చాక గుచ్చాం. లైటు వెలగలేదు. ఇంకో పోర్టులో పెట్టాం. వెలగలేదు.

అప్పటికి నా చేతిలో ఒక పని ఉంది. తెనాలి వైపు నుంచి ఒక పెద్దావిడ, రిటైరైన సంగీతం టీచరు, తన పెన్షన్ డబ్బుతో అమ్మవారి పాటలు పాడించుకుంటున్నారు. దసరాకి విడుదల చేయాలి. ఆ ఏడు శరన్నవరాత్రులు అక్టోబర్ 3న మొదలు. సిస్టమ్ ఆన్ చేసి ఆవిడ పాట తెరిచాను. లైసెన్స్ కనపడలేదని ఒక బాక్స్ వచ్చింది. ఓకే కొడితే ఇంకోటి. కొడుతూ పోతే చివరికి పాట తెరుచుకుంది. ఆవిడ గొంతు వినపడింది, నిక్షేపంగా ఉంది, ఎందుకంటే గొంతు మామూలు వేవ్ ఫైలు, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెరుస్తుంది. కానీ వేణువు లేదు, వయొలిన్లు లేవు, తబలా లేదు. అవన్నీ కీబోర్డు మీద వాయించి, శాంపిలర్‌తో, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్యాల స్వరాలు పలికించే సాఫ్ట్‌వేర్‌తో, పలికించినవి. ఏ స్వరం ఎప్పుడు, ఎంత బలంగా అన్న లెక్క నా డిస్కులో ఉంది, తెర మీద గీతలుగా కనపడుతోంది కూడా. దాన్ని పలికించే వాయిద్యం మాత్రం తాళంలో ఉంది.

ఆవిడ ఫోన్ చేశారు. “ఏం బాబూ, నా పాట నీళ్లలో పోయిందా?”

“లేదమ్మా, మీ గొంతు భద్రంగా ఉంది. వాయిద్యాలే రావట్లేదు.”

“అవి మీ కుర్రాడు వాయించినవేగా? మళ్లీ వాయించమను.”

“వాయించినా పలకవమ్మా. వాయిద్యం లైసెన్స్ పోయింది.”

“డబ్బు కట్టానన్నావుగా?”

“కట్టానమ్మా.”

“మరి?”

ఆ ‘మరి’కి నా దగ్గర జవాబు లేదు. ఈ సభలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

కంపెనీలకు రాశాను. పేర్లు చెప్పను. డాంగిల్ అమ్మినవాళ్లు ఒకరు, అందులో పెట్టిన సాఫ్ట్‌వేర్లు అమ్మినవాళ్లు వేరు. డాంగిల్ వాళ్లు వెనుక సీరియల్ నంబరు ఫొటో పంపమన్నారు. ఆ నంబరు స్టిక్కరు మీద ఉంటుంది, వరదలో అది చెరిగిపోయింది. తర్వాత అసలు డాంగిలే విదేశాల్లోని ఆఫీసుకి కొరియర్ చేయమన్నారు. మా వీధిలోకి కొరియర్ బండి రావడానికే చాలాకాలం పట్టింది. లైసెన్సులు మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఆయా సాఫ్ట్‌వేర్ల వాళ్ల ఇష్టమట. అందులో ఒకళ్లు మంచివాళ్లు, బిల్లు చూపించగానే మళ్లీ ఇచ్చారు. వాళ్లకు దండం పెడతాను. ఒకళ్లు సగం ధర అడిగారు. ఇంకొకళ్లు ఆ వెర్షన్ ఇప్పుడు అమ్మడం లేదు కాబట్టి ఇవ్వలేమన్నారు. ఇంటి తాళంచెవి పోయిందంటే ఇంకో ఇల్లు కొనుక్కోమన్నట్టు లేదూ ఇది? నేను డబ్బు కట్టినట్టు వాళ్ల ఖాతాలో ఉంది, నా పేరుంది, కొన్న తేదీ ఉంది. ఆ పుల్ల ఒక్కటే లేదు.

అదే వీధిలో ఇంకో కుర్రాడు ఉన్నాడు. క్రాక్ వెర్షన్లు, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీలు పెట్టుకుని పాటలు చేస్తాడు. అతని సిస్టమ్ మొత్తం మునిగిపోయింది. సెకండ్ హ్యాండ్‌ది ఒకటి తెచ్చుకుని, స్నేహితుడి డిస్కు నుంచి అంతా ఎక్కించుకుని, నాకంటే ఎంతో ముందు పనిలో పడ్డాడు. అతన్ని మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. తిట్టడానికీ కాదు. ఈ తాళం దొంగ కోసం పెట్టిందైతే దొంగనే ఆపాలి కదా. అతనికి అది అడ్డే రాలేదు. ఆగిపోయింది కొనుక్కున్న నేను. దీన్ని నేను ఎన్నిసార్లు చెప్పినా నా మనసు చల్లారదు.

పెద్దావిడ పాటలు ఎలా పూర్తయ్యాయంటారా? వేణువు వాయించే అబ్బాయి, తబలా తమ్ముడు, వయొలిన్ చెల్లెమ్మ, ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. లేవండమ్మా, ఒకసారి లేచి నిలబడండి. చప్పట్లు కొట్టండి. మొగల్రాజపురంలో ఒక మిత్రుడు తన స్టూడియో రాత్రిపూట మాకు వదిలేశాడు. వీళ్లు వచ్చి, ఆవిడ గొంతు హెడ్‌ఫోన్లో వింటూ నిజం వాయిద్యాలు వాయించారు. డబ్బు తర్వాత చూద్దాంలే అన్నయ్యా అన్నారు. దసరాకి పాటలు బయటికి వచ్చాయి. శాంపిలర్ కంటే బాగున్నాయని ఆవిడ అన్నారు, నేనూ అంటాను. కూర్చోండమ్మా.

సరే, డాంగిల్ లేకపోతే కంపెనీలు బతకవా? బతుకుతున్నాయి. లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఎమాజిక్ అనే జర్మన్ కంపెనీ చేసేది. 2002లో ఆపిల్ ఆ కంపెనీని కొంది. లాజిక్ 7 దాకా ఎక్స్ఎస్‌కీ అనే డాంగిల్ తప్పనిసరి. 2007లో లాజిక్ 8తో దాన్ని తీసేశారు, ధర కూడా తగ్గించారు. ఆపిల్ ఏమీ దివాలా తీయలేదు. ఆడియో సాఫ్ట్‌వేర్లు చేసే వేవ్స్ కంపెనీ వాళ్లు 2012లో ఐలాక్ అనే డాంగిల్ నుంచి బయటికి వచ్చి, మామూలు పెన్‌డ్రైవ్‌లో కూడా లైసెన్స్ పెట్టుకోవచ్చన్నారు. స్టైన్‌బర్గ్ వాళ్లు 2022లో క్యూబేస్ 12తో డాంగిల్ మానేశారు, మూడు కంప్యూటర్లలో పెట్టుకోనిచ్చారు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి మొదటి నుంచీ డాంగిల్ లేదు. అరవై రోజులు వాడి చూడమంటారు, చిన్న స్టూడియోలకు అరవై డాలర్లకే ఇస్తారు. కంప్యూటర్‌లో పాటలు వినే విన్‌యాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేసిందే అది కూడా. ఆర్డర్ (Ardour) అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లయితే సోర్స్ కోడే, అంటే ప్రోగ్రామ్ రాసిన రాతే, అందరికీ తెరిచి పెట్టారు.

కానీ మానేయడంలోనూ ఒక మెలిక ఉంది, పాతవాళ్లు జాగ్రత్తగా వినండి. స్టైన్‌బర్గ్ వాళ్లు పాత డాంగిల్ వ్యవస్థ ఈలైసెన్సర్ సేవల్ని 2025 మే 20న ఆపేశారు. డాంగిల్‌లో అప్పటికే ఉన్న లైసెన్స్ పనిచేస్తుంది. కొత్తగా యాక్టివేట్ చేయడం, వేరే డాంగిల్‌కి మార్చుకోవడం ఇక లేదు. అంటే మీ సొరుగులో ఉన్న ఆ పుల్ల విరిగితే, దాని మీద నడిచే పాత వెర్షన్‌కి మరో దారి లేనట్టే. పాత వెర్షన్‌లో చేసిన పాత పాటలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?

క్లౌడ్ ఉందిగా అని పిల్లలు అంటారు. ఐలాక్‌కి క్లౌడ్ ఉంది, అంటే లైసెన్స్ పుల్లలో కాక నెట్‌లో ఉంటుంది, నిజమే, కానీ నెట్ ఎడతెగకుండా ఉండాలి. సింగ్ నగర్‌లో వరద వచ్చినప్పుడు తాగడానికి నీళ్లే లేవు, నెట్ ఎక్కడిది? కంప్యూటర్‌లోనే లైసెన్స్ పెట్టుకుంటే, కంప్యూటర్ పోయినప్పుడు మళ్లీ కంపెనీ తలుపు తట్టాల్సిందే. కాబట్టి పుల్లని పీకేసినంత మాత్రాన నా గొడవ తీరదు. పోయినప్పుడు తిరిగి ఇచ్చే పద్ధతి రాతపూర్వకంగా ఉండాలి. నేనడిగేది అదొక్కటే.

చట్టం కూడా మనకు పూర్తిగా దూరం కాదు. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, న్యాయంగా తన దగ్గరున్న కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి, పోవడం పాడవడం నుంచి రక్షణగా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని ఉంది. 2012లో వచ్చిన 65ఏ సెక్షన్ తాళాలు పగలగొట్టడం నేరమంటుంది, అయితే హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే. అమెరికాలో పాడైపోయి, కాలం చెల్లిన డాంగిల్స్ విషయంలో, తాళం దాటి సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చని 2003, 2006, 2010లలో మినహాయింపు ఇచ్చారు. మనకు కావాల్సింది తాళం పగలగొట్టే అనుమతి కాదు, తాళంచెవి. ఈ సభలో వకీళ్లు ఉంటే నన్ను కలవండి, ఫీజు మేమందరం వేసుకుంటాం.

మాస్టారు వాచీ చూస్తున్నారు. ముగించేస్తాను. స్టూడియోల వాళ్లకు ఒక్క మాట. ఇవాళ రాత్రి ఇంటికెళ్లాక మీ దగ్గరున్న పాటల్లో, మళ్లీ దొరకని గొంతులున్నవి ముందు తెరవండి. పెద్దవయసు హరిదాసులు, బుర్రకథ వాళ్లు, మీ అమ్మమ్మలు. శాంపిలర్ మీద పలికే ప్రతి వాయిద్యాన్నీ విడివిడిగా వేవ్ ఫైలుగా తీసి, గొంతు పక్కన పెట్టుకోండి. డిస్కు నిండిపోతుందని చూసుకోకండి.

తలుపు దగ్గర బల్ల మీద ఒక ఉత్తరం ఉంది. ఆడియో సాఫ్ట్‌వేర్లు మన దగ్గర అమ్మే డీలర్లకు, వాళ్ల ద్వారా కంపెనీలకు రాసింది. డాంగిల్ పాడైనా, పోయినా, బిల్లు ఉంటే లైసెన్స్ ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో అమ్మేటప్పుడే కాగితం మీద రాసివ్వమని అడిగాం. సంతకం పెట్టి, పక్కన మీరు కొన్న సాఫ్ట్‌వేర్ పేరు, కొన్న సంవత్సరం రాయండి. గుంటూరు, తెనాలి వాళ్లకు విడిగా కాగితాలు పెట్టాం, మీ ఊళ్లో సంతకాలు పెట్టించి వచ్చే వారం పంపండి. బస్సు టైమవుతున్నవాళ్లు ముందు వెళ్లండి, మిగతావాళ్లు వాళ్లకు దారి ఇవ్వండి. నమస్కారం.