పక్క సీట్లో ఎవరున్నారు?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఒక సినిమా దర్శకురాలు, సింగిల్ స్క్రీన్ థియేటర్ నడిపే ఎగ్జిబిటర్, ఒక సైకాలజిస్ట్)

యాంకర్: నమస్కారం. తెర మీద శృంగార సన్నివేశం రాగానే ఒకరు ఈల వేస్తారు, ఒకరు తల దించుకుంటారు, ఇంకొకరు మామూలుగా చూస్తూ కూర్చుంటారు. 2017 ఆగస్టులో ‘అర్జున్ రెడ్డి’ ముద్దు పోస్టర్‌ను కాంగ్రెస్ నేత వి. హనుమంతరావు హైదరాబాద్‌లో బస్సు మీంచి చింపేశారు. అదే సినిమా ‘ఎ’ సర్టిఫికెట్‌తో వచ్చి పెద్ద హిట్టయింది. సార్, మీ హాల్లో జనం ఎలా చూస్తారు ఇలాంటి సినిమాల్ని?

ఎగ్జిబిటర్: మార్నింగ్ షో జనం వేరు, ఫస్ట్ షో జనం వేరండీ. పొద్దున అంతా కాలేజీ కుర్రాళ్లే. ముద్దు సీనొస్తే గోల, డైలాగు వినపడదు. సాయంత్రం బాల్కనీలో జంటలు ఉంటారు, చడీచప్పుడు ఉండదు. కింద ఎవడో ఒక ఈల వేశాడా, పైన ఆడవాళ్లు ఇబ్బందిగా కదులుతారు. వాళ్లకు ఇబ్బంది సీనుతో కాదు, ఆ ఈలతో.

సైకాలజిస్ట్: ఆ కుర్రాడు ఇంట్లో ఒక్కడే ఫోన్లో చూస్తే ఈల వేయడు కదా. గుంపులో ఉన్నప్పుడు లోపల సిగ్గు, కంగారు ఉంటాయి. అవి పక్కవాడికి తెలియకూడదని అరుస్తాడు. తల దించుకున్నవాళ్లదీ అదే కంగారు, బయటపడే తీరు వేరు. అందుకే ఈల వేసినవాడికి సీను నచ్చిందనీ, తల దించుకున్నామెకు నచ్చలేదనీ నేను అనుకోను.

యాంకర్: మగవాళ్లకు నచ్చుతుంది, ఆడవాళ్లకు నచ్చదు అనే మాట మాత్రం అందరూ అంటారు.

సైకాలజిస్ట్: అది అంత తేలిక కాదండీ. కెనడాలో మెరిడిత్ చివర్స్ బృందం 132 పరిశోధనల ఫలితాలను కలిపి చూసి 2010లో ప్రచురించింది. శృంగార దృశ్యాలు చూసినప్పుడు శరీరంలో కనిపించిన స్పందనకీ, మనిషి నోటితో చెప్పినదానికీ ఎంత పొంతన ఉందని లెక్కగట్టారు. రెండూ పూర్తిగా కలిస్తే 1, అసలు సంబంధమే లేకపోతే 0 అనుకోండి. మగవాళ్లలో ఆ పొంతన 0.66, ఆడవాళ్లలో 0.26. అంటే ఆడవాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు, దయచేసి అలా తీసుకోవద్దు. శరీరం స్పందించడం వేరు, మనసుకు నచ్చడం వేరు. నచ్చలేదని ఆమె అంటే నచ్చలేదనే అర్థం.

దర్శకురాలు: మేడం చెప్పింది మా సెట్లో చాలామందికి తెలియాలి. నన్ను బాధపెట్టేది ఇంకోటుంది. మన ఇళ్లల్లో వాన పాటను తాతయ్య నుంచి మనవరాలి దాకా కూర్చుని చూస్తారు. కెమెరా హీరోయిన్ నడుము మీద నుంచి కదలకపోయినా ఎవరూ ఛానల్ మార్చరు. అదే ఇద్దరు మనుషులు ఇష్టపడి ముద్దు పెట్టుకుంటే నాన్న మంచినీళ్లకు లేచిపోతారు. మొదటిదాంట్లో ఆమె ఒక వస్తువు, రెండోదాంట్లో ఆమెకీ ఒక కోరిక ఉంది. మనకు టెన్షన్ పుట్టించేది ఆ కోరికే అని నా నమ్మకం.

ఎగ్జిబిటర్: అంత దూరం నేను రాలేనమ్మా. పాట అలవాటైపోయింది, అంతే. పైగా జనం ఏం ఊహించుకుని వచ్చారన్నది చూడాలి. 2023 మార్చిలో ‘రానా నాయుడు’ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు ఏమైంది? వెంకటేష్ గారంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే హీరో. ఆ నమ్మకంతో పెట్టుకుంటే బూతులు, పడగ్గది సీన్లు. కొత్త నటుడైతే అంత గొడవ అయ్యేదా?

దర్శకురాలు: అది ఒప్పుకుంటాను సార్. చెప్పకుండా ముందు పెట్టడం తప్పే.

యాంకర్: ఓటీటీలకు 2021 నుంచే వయసు గుర్తులు తప్పనిసరి. పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే ‘యూఏ’ గుర్తును సెన్సార్ బోర్డు కూడా 2024లో 7, 13, 16 ఏళ్లుగా విడగొట్టింది. అవి చాలవా?

ఎగ్జిబిటర్: ‘ఎ’ సినిమాకి పసిపిల్లల్ని ఎత్తుకొచ్చి, లోపలికి పంపకపోతే గేటు దగ్గర మా కుర్రాళ్లతో తగువేసుకుంటారండీ. గుర్తు ఎవరు చూస్తున్నారు?

సైకాలజిస్ట్: వయసు అంకె చాలదు. పదహారేళ్ల అబ్బాయి ఒక సీను ఒంటరిగా చూడగలడు, అమ్మ పక్కన కూర్చుని చూడలేడు. అందులో ఏముందో రెండు మాటల్లో ముందే చెబితే ఎవరితో కలిసి చూడాలో ఇంట్లోవాళ్లే తేల్చుకుంటారు.

దర్శకురాలు: సెట్లో కూడా అంతే. 2022లో హిందీలో ‘గెహరాయియా’ సినిమాకి ఇంటిమసీ డైరెక్టర్‌గా, అంటే ఇలాంటి సీన్లను దగ్గరుండి చూసుకునే మనిషిగా, దార్ గాయ్ పేరు టైటిల్స్‌లో పడింది. ఎవరు ఎక్కడ తాకొచ్చు, కెమెరా ఎక్కడ ఆగాలి అన్నీ నటులతో ముందే మాట్లాడుకుంటారు. నటి భయపడుతూ చేసిన సీను తెర మీద తెలిసిపోతుంది, హాల్లో ఆడవాళ్లు ముందు పసిగడతారు. తెలుగులో ప్రతి సెట్లో అలాంటి మనిషి ఉండాలని నిర్మాతల్ని అడుగుతున్నాను. ఖర్చు అంటున్నారు.

ఎగ్జిబిటర్: ఒక్క పాట సెట్టు ఖర్చులో అది ఎంతమ్మా? అడుగు, గట్టిగానే అడుగు.