విల్మీవుడ్: లక్ష జనాభా ఊళ్లో హాలీవుడ్‌కి ఏం పని?

(విజువల్: నది ఒడ్డున చెక్క నడకదారి, పాత ఇటుక భవనాలు, అవతలి గట్టున యుద్ధనౌక)

అమెరికాలో రాలీ, క్యారీ వైపు ఉండే మనవాళ్లకి విల్మింగ్టన్ అంటే బీచే. శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని ఐ-40 ఎక్కుతారు. రెండు గంటల్లో ఆ హైవే అయిపోతుంది, సముద్రం వస్తుంది. కాళ్లు తడుపుకుని సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఎయిర్‌పోర్టు దగ్గర 23వ వీధిలో ఉన్న స్టూడియో సంగతి చాలామందికి తెలీదు. 'ఐరన్ మ్యాన్ 3' తీసింది అక్కడే.

నార్త్ కరోలినాలో కేప్ ఫియర్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి జనాభా 2020 లెక్కల్లో లక్షా పదిహేను వేలు. సుమారు మన తాడేపల్లిగూడెం అంత. అమెరికన్లు ముద్దుగా 'విల్మీవుడ్' అంటారు.

(విజువల్: 1980ల నాటి ఫొటోలు)

మొదలైంది 1983లో. ఇటలీ నిర్మాత డినో డి లారెంటిస్ 'ఫైర్‌స్టార్టర్' కోసం తెల్ల స్తంభాల పాత బంగళా వెతుకుతున్నాడు. ఒక పత్రిక ముఖచిత్రం మీద ఈ ఊరి దగ్గరి ఆర్టన్ ఎస్టేట్ కనిపించింది. మామూలుగా యూనిట్ వచ్చి, తీసుకుని, సర్దుకుని పోతుంది. ఈయన మాత్రం ఇక్కడ ఖర్చు తక్కువని గమనించి ఏకంగా స్టూడియోనే కట్టేశాడు. దర్శకుడు డేవిడ్ లించ్ 'బ్లూ వెల్వెట్' తీసింది ఈ ఊళ్లోనే.

కొన్నేళ్లకే డినో కంపెనీ దివాలా తీసింది. తర్వాత స్టూడియోని కొన్న కరోల్కో అనే సినిమా కంపెనీ కూడా అదే దారి పట్టింది. స్టూడియో 1996లో స్క్రీన్ జెమ్స్ చేతికి, 2023లో సినీస్పేస్ చేతికి వెళ్లింది. ఓనర్లు మారారు గానీ ఫ్లోర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిలో పని నేర్చుకున్నవాళ్లు కూడా ఊరు వదల్లేదు.

అసలు విషయం ఇదే. బీచ్ ఎక్కడైనా దొరుకుతుంది. లాస్ ఏంజెలెస్ నుంచి ఒక లైట్‌మెన్‌ని తెస్తే టికెట్, హోటల్, రోజూ బత్తా. అదే మనిషి పక్క వీధిలో ఉంటే జీతం ఇస్తే చాలు, పైగా ఏ వీధిలో ఎండ ఎప్పుడు ఎటు పడుతుందో అతనికి ముందే తెలుసు. సెట్ వేసే కార్పెంటర్లు, మేకప్, కాస్ట్యూమ్స్, డ్రైవర్లు... అందరి లెక్కా అంతే.

మన వైజాగ్ చూడండి. సముద్రం ఉంది, కొండలున్నాయి, రుషికొండ దగ్గర రామానాయుడు స్టూడియో ఉంది. అయినా పెద్ద సినిమా అంటే యూనిట్ చాలావరకు హైదరాబాద్ నుంచే దిగుతుంది, షెడ్యూల్ అవగానే పెట్టె సర్దుతుంది. నన్నడిగితే, లొకేషన్‌కీ ఇండస్ట్రీకీ తేడా ఇక్కడే ఉంది.

(విజువల్: ఆరో వీధి వంతెన మీద ఫొటోలు దిగుతున్న అభిమానులు)

విల్మింగ్టన్ పనివాళ్లని ఊళ్లో నిలబెట్టింది సినిమాలకంటే టీవీ సిరీస్‌లే. 'డాసన్స్ క్రీక్' 1998 నుంచి 2003 దాకా, 'వన్ ట్రీ హిల్' 2003 నుంచి 2012 దాకా. రెండూ కలిపితే 315 ఎపిసోడ్లు. సినిమా రెండు మూడు నెలల్లో అయిపోతుంది. సిరీస్ ఉంటే ఏటా పని. ఆ ధైర్యంతోనే కదా ఎవరైనా ఇంటి లోను తీసుకునేది! తమాషా ఏంటంటే, 'డాసన్స్ క్రీక్' కథ జరిగేది ఎక్కడో ఉత్తరాన, మసాచుసెట్స్‌లో. ఫ్రేములో పొరపాటున ఒక్క తాటిజాతి చెట్టు పడినా గుట్టు రట్టే.

(విజువల్: ఖాళీ ఫ్లోరు. స్క్రీన్ మీద: 2014)

అంతా బాగుందనుకుంటుండగా 2014 చివర్లో రాష్ట్రం పన్ను రాయితీని ఆపేసింది. అప్పటిదాకా నిర్మాత రాష్ట్రంలో పెట్టిన అర్హమైన ఖర్చులో 25 శాతం వెనక్కి వచ్చేది. ఒక్కో సినిమాకి గరిష్ఠంగా 2 కోట్ల డాలర్లు. దాని బదులు గ్రాంటు పెట్టారు. ఏడాదికి ఇంత అని నిధి, అది అయిపోతే అంతే. పక్క రాష్ట్రం జార్జియా 30 శాతం దాకా ఇస్తోంది, ఏడాదికి ఇంతే అన్న పరిమితి కూడా లేదు. నిర్మాత ఎటు వెళ్తాడు? 'స్లీపీ హాలో' రెండు సీజన్లు ఇక్కడ తీసి మూడోది జార్జియాకి పట్టుకుపోయారు. వెనకే పనివాళ్లూ వెళ్లారు. ఇల్లు ఇక్కడ, పని అట్లాంటాలో.

దానికి తోడు 2016లో, ట్రాన్స్‌జెండర్లు ఏ బాత్రూము వాడాలో శాసిస్తూ రాష్ట్రం తెచ్చిన చట్టం. ఆ గొడవతోనే నార్త్ కరోలినా తీరం కథ 'ఔటర్ బ్యాంక్స్' సిరీస్‌ని పక్కనున్న సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో తీశారు. ఇంతకంటే ఎగతాళి ఏముంటుంది?

(విజువల్: కరోలినా బీచ్, సౌత్‌పోర్ట్ రేవు)

తర్వాత మెల్లగా కోలుకుంది. గ్రాంటు నిధి ఏడాదికి 3 కోట్ల 10 లక్షల డాలర్లకు చేరింది. 'స్క్రీమ్' 2022 సినిమా, 'ది సమ్మర్ ఐ టర్న్‌డ్ ప్రెట్టీ' సిరీస్ ఇక్కడే తీశారు. 'డాసన్స్ క్రీక్' సృష్టికర్త కెవిన్ విలియమ్సన్ ఈ రాష్ట్రం మనిషే, నాన్న చేపలు పట్టేవాడు. ఆయన 2025లో జాలరి కుటుంబం కథతో 'ది వాటర్‌ఫ్రంట్' తీశాడు. నెట్‌ఫ్లిక్స్ ఒక్క సీజన్‌తో ఆపేసింది.

నిధి లెక్కకొస్తే, పాత పద్ధతిలో ఒక్క పెద్ద సినిమా తీసుకోగలిగిన 2 కోట్ల డాలర్లు ఇప్పుడు రాష్ట్రం మొత్తానికి ఏడాదికి ఇచ్చే సొమ్ములో దాదాపు మూడింట రెండొంతులు. అందుకే ఇప్పుడు ఇక్కడికి 'ఐరన్ మ్యాన్ 3' సైజు సినిమాలకంటే మధ్యరకం బడ్జెట్ సిరీస్‌లే వస్తున్నాయి. ఊళ్లో పనివాళ్లకి అవే కావాలి కూడా.