వలస లెక్క ఏ నెలలో తీస్తున్నాం?

అందరికీ నమస్కారం. డేటా, ఫోర్‌కాస్టింగ్ అనగానే పెద్ద స్క్రీన్లు, గ్రాఫులు గుర్తొస్తాయి. నేను మాట్లాడబోయేది మాత్రం మన పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పనికోసం పోయే వలస గురించి, దాన్ని ముందే పసిగట్టడం గురించి.

2011 జనాభా లెక్కలు తీసింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఫిబ్రవరిలో నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు ఊళ్లలో ఎవరుంటారో మీకు తెలుసు, ముసలోళ్లు, వాళ్ల దగ్గర వదిలివెళ్లిన పిల్లలు. అదే 2014 ఆగస్టు 19న రాష్ట్ర ప్రభుత్వం ఒక్క రోజులో ఇంటింటి లెక్క తీసే సమగ్ర కుటుంబ సర్వే అంటే ముంబై నుంచి కూడా బస్సులు పట్టుకుని వచ్చి మరీ పేర్లు రాయించుకున్నారు. మరి బడికి, రేషన్‌కి, తాగునీళ్లకి ఏ నెల లెక్క వాడుతున్నాం? పైగా 2016లో జిల్లా ముక్కలై, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది కాబట్టి, పాత జిల్లా అంకె పక్కన కొత్త జిల్లా అంకె పెట్టి వలస తగ్గిందనడం కుదరదు. మండలాల వారీగా విడదీసి మళ్లీ కూడాలి. విసుగు పనే, కానీ తప్పదు.

వానాకాలం గురించి వాతావరణ శాఖ ఏప్రిల్‌లో చెప్పే మాట దేశం మొత్తానిది. దీర్ఘకాల సగటులో 96 నుంచి 104 శాతం పడితే 'సాధారణం'. ఆగస్టంతా చినుకు లేక పత్తి వాడిపోయిన మండలం అందులో ఎక్కడా కనబడదు. మనకి కావాల్సింది మండలం వాన లెక్క, దాని పక్కన బడి రిజిస్టర్. దసరా సెలవుల తర్వాత ఆ రిజిస్టర్ తెరిచి చూడండి, అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకే రోజు నుంచి వరసగా గైర్హాజరు పడి ఉంటే అది జ్వరం కాదు, ఇల్లంతా కదిలిపోయిందని అర్థం. టీచర్‌కి అప్పుడు తెలుస్తుంది, కూలీలని గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీకి ఇంకా ముందే తెలుసు, అడ్వాన్సు ఇచ్చేది ఆయనే కదా.

అందుకే అంచనా సెప్టెంబరు మొదట్లోనే అధికారుల చేతికి రావాలి. అడ్వాన్సు తీసుకున్నాక డిసెంబరులో ఉపాధి పనులు తెరిస్తే చేయడానికి మనుషులేరీ? అంచనా తప్పితే ఎలా అంటారేమో. వలస ఉండదనుకున్న చోట పనులు తెరిస్తే ఊరికి ఒక కుంట మిగులుతుంది, ఉన్నచోట తెరవకపోతే ఆ పిల్లల చదువు ఒక ఏడాది పోతుంది. ఈ రెండు తప్పులూ సమానం కావు. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు తెరవడమే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక్కడున్న డిగ్రీ పిల్లలకి ఒక్క పని చెప్తాను. మీ మండలంలో గత ఐదేళ్ల వాన లెక్క, బడి హాజరు తీసుకుని, పిల్లల పేర్లు ఎక్కడా లేకుండా, ఊరి వారీగా పక్కపక్కన పెట్టండి. ఏ ఊళ్లు ముందు ఖాళీ అవుతున్నాయో తేలాక ఆ కాగితం పట్టుకుని ఎంపీడీవో ఆఫీసుకి వెళ్లండి, దసరాకి ముందే.