చెక్‌లిస్ట్ ఉంది, పక్కన నిలబడి చెప్పేవాళ్లు కావాలి

వేదిక మీదున్న పెద్దలకు, జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, హెడ్ నర్సులకు, నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చిన సిస్టర్లకు నమస్కారం. వెనక వరసలో ఎవరికైనా కునుకు పడితే మొహమాటపడకండి, నేనేమీ అనుకోను.

రోగి భద్రత పేరుతో మనకు పథకాలకు కొదవలేదు. 2013లో ఎన్‌క్వాస్ అనే జాతీయ నాణ్యత ప్రమాణాలు, 2015లో ఆసుపత్రుల శుభ్రత కోసం కాయకల్ప, 2017లో ప్రసవ గదుల కోసం లక్ష్య. మూడూ మంచివే. తనిఖీకి అసెస్సర్లు వస్తున్నారంటే చాలు, ఆసుపత్రికి పెళ్లికళ వచ్చేస్తుంది. గోడలకు చార్టులు, డస్ట్‌బిన్‌లకు కొత్త కవర్లు, రిజిస్టర్లలో పాత తేదీలకు కొత్త సంతకాలు. వాళ్లు వెళ్లిన మూడో నెలలో ఏం జరుగుతోందన్నదే నా బాధ.

ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షిత ప్రసవానికి ఒక చెక్‌లిస్ట్ తయారు చేసింది. అందులో 29 అంశాలుంటాయి. ముందు కర్ణాటకలోని ఒక ఆసుపత్రిలో ప్రయత్నించారు. అప్పటిదాకా ఒక్కో ప్రసవానికి 29లో సగటున 10 పనులే సరిగ్గా జరిగేవి, తర్వాత 25 జరిగాయి. అందరూ సంబరపడ్డారు. ఆ ఊపులో ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాలను తీసుకున్నారు. 60 కేంద్రాల్లో చెక్‌లిస్ట్ ఇచ్చి, ఎనిమిది నెలలపాటు కోచ్‌లను పంపారు. మిగతా 60 ఎప్పటిలాగే నడిచాయి. కోచ్‌లంటే పీపీటీలు చూపించి వెళ్లిపోయేవాళ్లు కాదు. వాళ్లూ నర్సులే. ప్రసవం జరుగుతుంటే పక్కన నిలబడి చూసి, అయ్యాక కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు.

ఫలితాలు 2017లో వచ్చాయి. రెండు నెలలకు కోచ్‌లున్న చోట దాదాపు 73 శాతం పనులు సరిగ్గా జరిగాయి, లేని చోట 42 శాతం. కోచ్‌లు వెళ్లిపోయాక, పన్నెండో నెలకి ఆ 73 కాస్తా 62కి జారింది. అసలు దెబ్బ ఇంకోటి. తల్లీబిడ్డల మరణాలు, తల్లులకు వచ్చే తీవ్ర ఇబ్బందులు కలిపి లెక్కేస్తే రెండు వైపులా తేడా లేదు. కోచ్‌లున్న చోట 15.1 శాతం, లేని చోట 15.3.

ఇది చూసి చెక్‌లిస్ట్ దండగ అన్నవాళ్లున్నారు. నేనలా అనను. పుట్టగానే ఏడవని బిడ్డ ఉంటే ఊపిరి అందించే బ్యాగ్, మాస్క్ తీసుకోమని కాగితం గుర్తు చేస్తుంది. మాస్క్‌ను ముఖానికి గాలి పోకుండా ఎలా ఆనించాలో, ఛాతీ లేవకపోతే తలను ఎటు సర్దాలో కాగితం నేర్పదు. రక్తం తెప్పించదు. సిజేరియన్ చేసే డాక్టర్‌ని పిలుచుకు రాదు. గుర్తు చేయడం వేరు, చేయి తిరగడం వేరు, చేయి తిరిగినవాళ్లకు సామాను అందడం వేరు.

సామాను అన్నాను కదా. ఒక ఆసుపత్రిలో, పేరొద్దు, బ్యాగ్, మాస్క్ కొత్తవి, సీలు కూడా విప్పలేదు. బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గర, ఆవిడ ఇంటి దగ్గర. బిడ్డకు ఊపిరి అందించాల్సింది పుట్టిన మొదటి నిమిషంలో. ఆవిడ బద్ధకస్తురాలనుకుంటున్నారా? స్టాక్ రిజిస్టర్ ఆవిడ పేరు మీద ఉంది. ఒక్క వస్తువు పోయినా సమాధానం చెప్పుకోవాల్సింది, ఒక్కోసారి డబ్బు కట్టాల్సింది ఆవిడే. ఆ రూల్ మార్చకుండా ఆవిడకి ఎన్ని ట్రైనింగులిచ్చినా తాళం పడుతూనే ఉంటుంది. ఆవిణ్ని తిట్టడం మాత్రం చాలా తేలిక.

అలాగే రిపోర్టులు. తప్పిన ప్రమాదాల్ని రాయండి అంటాం. పలచన చేయకుండా ఎక్కిస్తే ప్రాణం తీసే పొటాషియం క్లోరైడ్ యాంప్యూల్ మామూలు యాంప్యూల్స్ ట్రేలో కలిసిపోయిందని, ఎక్కించేలోపు చూసి ఆపానని ఒక సిస్టర్ నిజాయితీగా రాసింది అనుకోండి. సాయంత్రానికి మెమో వస్తే ఆ వార్డులో ఇంకెవరు రాస్తారు? అప్పుడు రిపోర్టులు సున్నా అవుతాయి, ఆ సున్నాని మనం క్వాలిటీ మీటింగ్‌లో గొప్పగా చూపించుకుంటాం. "సార్, గ్లోవ్స్ మార్చుకోండి" అని సిస్టర్ అంటే ముఖం చిట్లించే డాక్టర్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. పీజీ డాక్టర్లూ, నవ్వకండి, మీకూ చెబుతున్నా.

తెలంగాణలో 2017 నుంచి స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫరీలో, అంటే కాన్పులు చేయించే పనిలో, 18 నెలల శిక్షణ ఇవ్వడం నాకు నచ్చిన పని. ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లే అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన రాష్ట్రం అది, దేశంలో అదే అత్యధికం. అవసరం లేని కోత కూడా రోగి భద్రత సమస్యే. దానికి మూడు రోజుల వర్క్‌షాప్ సరిపోదు, సాధారణ కాన్పును ధైర్యంగా, ఓపికగా చేయించే మనుషులు కావాలి.

సూపరింటెండెంట్లను రెండు అడుగుతాను. లేబర్ రూమ్‌లో తర్ఫీదైన సిస్టర్‌ని మూడు నెలలు తిరక్కుండా కంటి వార్డుకో ఓపీకో మార్చకండి. మీ దగ్గరే బాగా పనిచేసే ఒక సిస్టర్‌ని కోచ్‌గా పెట్టండి, ఆ పనికి డ్యూటీ చార్టులోనే గంటలు కేటాయించండి. అదనపు బాధ్యత అని నెత్తిన వేస్తే అది జరగదు.

టీ తర్వాత పక్క హాల్లో బొమ్మల మీద బ్యాగ్, మాస్క్ ప్రాక్టీసు ఉంది. మొదటి బ్యాచ్ సూపరింటెండెంట్లది. సిస్టర్లు చుట్టూ నిలబడి చూస్తారు, తప్పు పడితే చెబుతారు.