పిట్ట అన్న మన మాటే దాని పేరు

నమస్తే. టైం పొద్దున ఐదు నలభై ఐదు. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరి పార్కులో ఉన్నాను. దసరా పోయి వారమైంది, గాలిలో కాస్త చలి తెలుస్తోంది. వాకింగ్ ట్రాక్ వదిలేసి వెనక ప్రహరీ గోడ వైపు, కానుగ చెట్ల కింద కూర్చున్నాను. ఒక్క నిమిషం మాట్లాడను, మీరు వినండి.

విన్నారా? రెండు ముక్కల ఈల. మొదటిది పైకి లేచింది, రెండోది కిందికి జారింది. అది పొన్నంగి పిట్ట. ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా అంటారు. ఆ "పిట్టా" ఎక్కడిదో కాదు, మన తెలుగు పిట్టే! ప్రపంచమంతా ఈ జాతి పక్షులకు శాస్త్రవేత్తలు వాడే పేరు మన ఇళ్లల్లో చిన్న పిల్లలు పలికే మాట. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అదిగో, గోడ మూలన చూడండి. జూమ్ చేస్తున్నా. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, పొట్ట లేత గోధుమ రంగు, తోక కింద కుంకుమ పూసినంత ఎరుపు. హిందీలో నవరంగ్ అంటారు దీన్ని. ఇన్ని రంగులున్నా, కదలకుండా నిలబడితే ఎండుటాకుల్లో కలిసిపోతుంది. చూడండి, రెండు గెంతులు వేసింది, ఆగింది. ముక్కుతో ఒక ఆకును పట్టి పక్కకు విసిరింది. ఇంకో ఆకు. కింద వానపాము! లాగుతోంది... లాగేసింది. దాని భోజనమంతా ఈ ఆకుల కిందే ఉంటుంది.

హిమాలయాల కింది కొండల్లో, మధ్య భారతంలో ఇవి గూళ్లు పెడతాయి. చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక దాకా పోతాయి. ప్రయాణమంతా రాత్రిపూటే. తెల్లారేసరికి ఎక్కడుంటే అక్కడ దిగి, తిని, బలం కూడగట్టుకుని మళ్లీ బయల్దేరతాయి. అంటే ఈ గోడ పక్క ఆకుల కుప్ప దానికి దారిలో దొరికిన హోటల్ లాంటిది.

మనం ఆ హోటల్‌ని రోజూ ఊడ్చి తగలబెడుతున్నాం. నా బాధంతా ఇదే. పార్కు నీటుగా కనబడాలని ఒక్క ఎండుటాకు కూడా ఉంచరు. నిన్న ఇక్కడ ఊడ్చే అక్కకు ఈ పిట్ట వీడియో చూపించాను. "గిన్ని రంగులున్నయా దీనికి! రోజు చూస్తనే ఉన్న, కోడిపిల్ల లెక్క ఎగురుకుంట పోతది" అంది. ఆకుల సంగతి చెప్తే కాసేపు చీపురు పట్టుకుని నిలబడి, "దారి ఊడుస్త, గీ మూల ఇడిచిపెడ్త తియ్యి" అంది. ఈరోజు మీరు చూస్తున్న ఆకులు ఆ అక్క వదిలినవే.

ఇంకొకటి. పోయిన వారం ఒకాయన ఫోన్‌లో ఈ పిట్ట కూత పెట్టి దాన్ని బయటికి రప్పించే ప్రయత్నం చేశాడు. దయచేసి అలా చేయకండి. తన చోటులోకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని తిండి మానేసి వెతుక్కుంటుంది. అలసి దిగిన పక్షికి ఆ పది నిమిషాలు చాలా విలువైనవి. మీరు కదలకుండా కూర్చోండి, అదే వస్తుంది. నేను నలభై నిమిషాలు కూర్చున్నా.

పైన కొమ్మల్లో కూడా చుట్టాలున్నారు. ఆ సన్నటి కూత గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న పిట్టది. పది గ్రాములు కూడా తూగదు, ఉత్తరాన హిమాలయాల నుంచి, ఇంకా అవతలి నుంచి మన కానుగ చెట్టు దాకా వస్తుంది. గులాబీ రంగు గోరింకల్లా ఉండే రోజీ స్టార్లింగ్‌లు కావాలంటే జొన్న చేల వైపు, పిల్లలమర్రి వైపు వెళ్లండి. మర్రిపండ్లంటే వాటికి ప్రాణం.

మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలో పక్షుల్ని చూసి రాసిపెట్టడం కొత్త కాదు. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు నల్లమలలో మన్ననూరు, ఫరహాబాద్‌లకు వచ్చారు. మీరూ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, టైం, చోటు, ఏం చేస్తోంది, నాలుగు ముక్కలు చాలు. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈ-బర్డ్ యాప్‌లో ఎక్కిస్తే అందరికీ పనికొస్తుంది.

ఎండ ఎక్కుతోంది, పిట్ట పొద లోపలికి పోయింది. ఆపే ముందు ఒక మాట. ఈ నెలల్లో పొన్నంగి పిట్ట అలసిపోయి ఇళ్లల్లోకి, వరండాల్లోకి వస్తుంటుంది, కిటికీ అద్దానికి తగిలి పడుతుంది. అప్పుడు టెన్షన్ పడి నోట్లో నీళ్లు పోయకండి. గాలి ఆడేలా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో అడుగున గుడ్డ వేసి, మెల్లగా ఉంచి మూయండి. పిల్లీ, పిల్లలూ రాని చీకటి గదిలో పెట్టండి. గంట, రెండు గంటల్లో లోపల గెంతుతున్న చప్పుడు వస్తుంది. అప్పుడు పెట్టెను ఏదైనా పొద దగ్గరికి తీసుకెళ్లి, మూత తీసి, మీరు వెనక్కి జరగండి. లేవలేకపోతే అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి.