బటన్ నొక్కినా వెనక సీటు మడవడం లేదా? ముందు చప్పుడు వినండి

[దృశ్యం: ఇంటి ముందు ఎస్‌యూవీ. వెనక తలుపు పైకి లేచి ఉంది. లోపల పక్క గోడకి ఉన్న బటన్‌ను వేలు నొక్కుతోంది. సీటు కదలదు.]

ఇండియా నుంచి అమ్మానాన్న దిగుతున్నారు. మనిషికి రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. మూడో వరస సీట్లు పడుకోబెడితే తప్ప పట్టవు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు బటన్ నొక్కితే సీటు ఉలకదు, పలకదు. టెన్షన్‌లో అందరం చేసే పని ఒకటే: మళ్లీ నొక్కుతాం, ఇంకా గట్టిగా నొక్కుతాం.

అది వద్దు. ఆగకుండా పనిచేయిస్తే మోటారు వేడెక్కి, కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. ఆ తర్వాత ఏ లోపమూ లేని సీటు కూడా కొన్ని నిమిషాలు కదలదు. అందుకే కాసేపు ఆగి, పాటలు ఆపేసి, ఒక్కసారి నొక్కి వినండి. సీటు కదలకపోయినా, చప్పుడే సగం సంగతి చెప్పేస్తుంది.

[స్క్రీన్ మీద: "ఇది మోటారు సీటా, స్ప్రింగు సీటా?"]

దానికంటే ముందు ఒక మాట. బటన్ ఉన్న ప్రతి సీటుకీ మోటారు ఉండదు. కొన్ని బండ్లలో బటన్ నొక్కితే గొళ్లెం మాత్రమే ఊడుతుంది, స్ప్రింగు బలంతో సీటు దభీమని పడుతుంది. లేపాల్సింది మన చేత్తోనే. షెవ్రోలె టాహోలో పై ట్రిమ్‌లు, అంటే ఖరీదైన రకాలు చూస్తే రెండో వరస ఇలాంటిదే, మూడో వరసకి మాత్రం మోటారు ఉంటుంది. "పడుకుంది కానీ లేవడం లేదు" అని కంగారుపడే ముందు మీది ఏ రకమో చూసుకోండి.

[దృశ్యం: బటన్ నొక్కారు. ఏ చప్పుడూ లేదు.]

అసలు చప్పుడే లేదంటే సీటు చెడిపోయిందని అనుకోకండి. చాలాసార్లు బండే వద్దంటోంది. నడుస్తున్న బండిలో, పిల్లలు కూర్చున్న సీటు మడుచుకుపోకూడదు కదా! అందుకే గేరు పార్క్‌లో ఉండాలని, వెనక తలుపు తెరిచి ఉండాలని కంపెనీలు షరతులు పెడతాయి. తలుపు సగమే లేచి ఆగినా కొన్ని బండ్లు దాన్ని తెరిచినట్టు లెక్కలోకి తీసుకోవు. ఇంజన్ ఆపి చాలాసేపైతే సీట్లకి కరెంటు ఇవ్వడం ఆపేసేవీ ఉన్నాయి. ఏదో ఒక తలుపు తీసి వేస్తే మళ్లీ మేలుకుంటాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఉలుకూ పలుకూ లేకపోతే, నా అనుమానం ముందు 12 వోల్టుల బ్యాటరీ మీదికే పోతుంది. చలికాలంలో రెండు మైళ్ల దూరంలోని బడికి వెళ్లి రావడం, లేదా నెల రోజులు ఇండియా వెళ్లినప్పుడు బండి కదలకుండా పడి ఉండటం. ఈ రెంటికీ బ్యాటరీ నీరసపడుతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగానికి వచ్చేసినట్టే. అప్పుడు బండి కంప్యూటరు ఇంజన్ స్టార్ట్ కావడానికి కరెంటు దాచుకుని, సీట్ల లాంటి సౌకర్యాలకి కోత పెట్టగలదు.

[దృశ్యం: బ్యాటరీ మీద మల్టీమీటరు. అంకె దగ్గరగా: 12.1]

పరీక్ష తేలికే. బండిని గరాజ్‌లోంచి బయటికి తీసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, గేరు పార్క్‌లో పెట్టి నొక్కండి. ఇప్పుడు సీటు కదిలిందా? అయితే సీటుని వదిలేసి బ్యాటరీ సంగతి చూడండి. ఆటోజోన్ లాంటి కారు విడిభాగాల షాపుల్లో ఉచితంగానే పరీక్షిస్తారు.

కదలకపోతే ఫ్యూజ్. ఫ్యూజుల పెట్టె ఎక్కడుందో, సీటుది ఎన్నో నంబరో మాన్యువల్‌లో ఉంటుంది. పోయిన ఫ్యూజ్ మీద ఎన్ని ఆంపియర్లని ఉందో అంతే ఉన్నది వేయండి. కొత్తది కూడా వెంటనే పోతే అంతకంటే పెద్దది పెట్టే సాహసం మాత్రం వద్దు. అప్పుడు ఫ్యూజ్‌కి బదులు వైరు కాలుతుంది.

[దృశ్యం: "టక్" మనే శబ్దం.]

టక్‌మని ఆగిపోతే మీ ఆజ్ఞ అందినట్టే, పని మాత్రం జరగడం లేదు. బ్యాటరీ బలహీనంగా ఉన్నా, సీటు కింద వైరు వదులైనా, మోటారు బిగుసుకున్నా ఇలాగే వినిపిస్తుంది. సీటు కింద తొంగిచూడటం వరకు మంచిదే. పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే మాత్రం ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగు, బెల్టు వ్యవస్థవి.

[దృశ్యం: గుయ్‌మని మోటారు తిరుగుతోంది, సీటు కదలడం లేదు.]

మోటారు తిరుగుతోంది, సీటు మాత్రం అలాగే ఉంది. ఇది మెకానిక్ పనే. గేరు పళ్లు అరిగి ఉంటాయి, లేదా కేబుల్ తెగి ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కినా మిగిలిన పళ్లు కూడా పోవడమే.

[దృశ్యం: సీటు సగం వంగి, ఆగి, వెనక్కి వెళ్తోంది.]

ఇల్లాళ్లూ ఇంటాయనలూ అందరూ తిట్టుకునే రకం ఇది. సగం దాకా వచ్చి ఆగుతుంది. ఏదో అడ్డం తగిలిందని సీటు అనుకుంటోంది. చాలాసార్లు నిజంగానే తగులుతుంది కూడా.

మొదట పిల్లల కార్ సీటు చూడండి. 2002 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మకానికి తయారైన బండ్లకి లాచ్ కొక్కేలు, అంటే పిల్లల సీటుని బండికి బిగించే కొక్కేలు, తప్పనిసరి. కింది రెండు కొక్కేలు విప్పుతాం, సీటు వీపు వెనక ఉన్న పై పట్టీని మర్చిపోతాం. అది బిగిసి ఉంటే సీటు ఎలా వంగుతుంది? రెండో వరసని బాగా వెనక్కి జరిపి ఉంచినా, మూడో వరస తలదిండు దానికి తగిలి ఆగుతుంది.

[దృశ్యం: టార్చి వెలుగు సీటు కీలు సందులోకి. చాలా దగ్గరగా.]

తర్వాత టార్చి తీసుకుని కీలు దగ్గర వెలుగు వేయండి. సీటు బెల్టు ఇనుప నాలుక సందులో అడ్డంగా పడి ఉంటుంది. దాని కింద ఒక క్వార్టరు బిళ్ల, విరిగిన క్రేయాన్, జంతికల ముక్కలు. చెయ్యి పెట్టకండి! పొడవాటి పట్టకారుతోనో, వాక్యూమ్ సన్న గొట్టంతోనో తీయండి. అప్పుడు కూడా బటన్ దగ్గర ఎవరూ ఉండకూడదు, ముఖ్యంగా మీ చిన్నవాడు.

అడ్డం ఏదీ లేదు, కానీ ఈ మధ్యే బ్యాటరీ మార్చారా? మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి సీటు ఎక్కడుందో తెలుసుకునే బండ్లలో, కరెంటు తీసేస్తే ఆ లెక్క పోవచ్చు. సీటుని ఒక చివర నుంచి రెండో చివర దాకా పూర్తిగా నడిపి, అక్కడ బటన్‌ను కాసేపు నొక్కి ఉంచితే చాలావాటికి మళ్లీ గుర్తొస్తుంది. మీ మోడల్‌కి చెప్పిన వరస మాన్యువల్‌లో చూసి చేయండి.

లోపలికి నొక్కుకుపోయి పైకి రాని బటన్ కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2024లో కియా 4 లక్షల 60 వేలకు పైగా టెల్యురైడ్ బండ్లని రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. ముందు సీటు స్విచ్ ఇరుక్కుపోతే మోటారు ఆగకుండా తిరిగి, వేడెక్కి, మంటలు రావచ్చని. సరిచేసేదాకా ఇంటికి దూరంగా, ఆరుబయటే పార్క్ చేయమన్నారు. మీ బండికి ఏదైనా రీకాల్ ఉందేమో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) కొట్టి చూడండి. ఉంటే రిపేరు ఉచితం.

[దృశ్యం: ఫోన్‌లో సీటు వీడియో తీస్తున్న చేయి.]

డీలరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ముందే ఫోన్‌లో వీడియో తీసుకోండి, చప్పుడుతో సహా. మీరు చెప్పిన లోపం వాళ్ల ముందు కనిపించకపోతే బండి అలాగే తిరిగి వచ్చేస్తుంది. వారంటీ కూడా చూసుకోండి. అమెరికాలో చాలా కంపెనీలు సీటు మోటారు లాంటివాటికి 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు ఇస్తాయి. హ్యుందాయ్, కియా అయితే 5 ఏళ్లు, 60,000 మైళ్లు. ఇంజన్, గేర్‌బాక్సులకి ఇచ్చే పొడవాటి వారంటీ ఈ సీటుకి పనికిరాదు, కౌంటరు దగ్గర వాదించకండి.